బొగ్గు బూడిద ఎవరి ముంగిట? పేదరికమా, జాతివివక్షా?

నీలిమేఘం:
అమెరికాలో చమురు రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద గుట్టలు నల్లజాతివారి పేటల పక్కన ఎక్కువగా ఉన్నాయన్నది నేను కాదనను. దాన్ని జాతివివక్ష అనడం మాత్రం సరికాదు. కంపెనీ చౌక భూమి వెతుకుతుంది, అలాంటి చోట ఉండేది పేదలే. వెస్ట్ వర్జీనియా బొగ్గు కొండల్లో అత్యధికులు తెల్లవారు. అక్కడ శిఖరాలు పేల్చి బొగ్గు తీస్తే వాగులు పూడిపోయాయి, గని కార్మికుల ఊపిరితిత్తులు పాడయ్యాయి. దాన్ని ఏ వివక్ష అందాం? పైగా చాలా చోట్ల ముందు కర్మాగారం వస్తుంది, ఇళ్ల ధరలు పడిపోయాక పేదలు చేరతారు.

తూర్పుగాలి:
నీలిమేఘం గారూ, వెస్ట్ వర్జీనియాలో జరిగింది ఘోరమే. అయితే ఒకచోట పేదరికం కారణమైనంత మాత్రాన మరోచోట జాతి కారణం కాకుండా పోదు. 2008లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఏటా 50 నుంచి 60 వేల డాలర్లు సంపాదించే నల్లజాతి కుటుంబాలు ఉండే పేటల్లో సగటు కాలుష్యం, 10 వేల డాలర్లయినా రాని తెల్లవారి కుటుంబాల పేటల్లో కంటే ఎక్కువ. పేదరికమే అసలు కారణమైతే ఈ లెక్క తారుమారు కావాలి.

ముందు కర్మాగారం, తరువాత జనం అన్న మాట లూసియానాలో నిలవదు. బేటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా మిసిసిపీ నది వెంట 85 మైళ్ల పొడవునా సుమారు 150 రిఫైనరీలు, రసాయన కర్మాగారాలు ఉన్నాయి. అక్కడి చాలా ఊళ్లు అంతర్యుద్ధం ముగిశాక, బానిసత్వం నుంచి బయటపడినవారు చెరకు తోటల అంచుల్లో కట్టుకున్నవి. ఆ తోటలను కంపెనీలు కొన్నది 20వ శతాబ్దంలో.

ఇక బూడిద సంగతి. 2008 డిసెంబరులో టెనెసీలోని కింగ్‌స్టన్ విద్యుత్ కేంద్రంలో బూడిద చెరువు గట్టు తెగి, వంద కోట్ల గ్యాలన్లకు పైగా బురద పొంగింది. అది తెల్లవారు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఎత్తిన బూడిదలో దాదాపు 40 లక్షల టన్నులు రైళ్లలో ఎక్కడికి వెళ్లింది? అలబామాలోని యూనియన్‌టౌన్‌కు. అక్కడ పదిమందిలో తొమ్మిదిమంది నల్లజాతివారు. తమ గాలి, నీరు ఏమవుతాయని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ ఊరివాళ్ల పౌరహక్కుల ఫిర్యాదును 2018లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ రక్షణ సంస్థ ఆధారాలు చాలవంటూ మూసేసింది. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

నీలిమేఘం:
బూడిదను దించుకున్నందుకు ఆ కౌంటీకి (మన జిల్లా లాంటిది) టన్నుకు ఇంతని రుసుము ముట్టింది. అనుమతులున్న డంపింగ్ స్థలమే అది. నల్లజాతివారున్నారనే అక్కడికి పంపారని మీరు రుజువు చేయగలరా?

తూర్పుగాలి:
ఖజానా ఖాళీగా ఉన్న కౌంటీ రుసుముకు ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టు కాదు. ఉద్దేశం రుజువు చేయమంటున్నారు, బాధితులు చిక్కుకున్నది సరిగ్గా అక్కడే. 2001లో అమెరికా సుప్రీంకోర్టు శాండోవాల్ కేసులో ఇచ్చిన తీర్పు తరువాత, ఫలితం వివక్షతో కూడినదని చూపించి పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం (ప్రభుత్వ నిధులు అందుకునేవారు జాతివివక్ష చూపకూడదనేది) కింద వ్యక్తులు దావా వేయడానికి వీల్లేదు. ఉద్దేశాన్నే నిరూపించాలి. 'నల్లవారి పక్కన పెడుతున్నాం' అని ఏ కంపెనీ కాగితం మీద రాసిపెడుతుంది? పేదలపై, మైనారిటీలపై పడే కాలుష్య భారాన్ని ప్రభుత్వ శాఖలు పట్టించుకోవాలంటూ 1994లో అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన పర్యావరణ న్యాయ ఉత్తర్వు కొంత ఆసరాగా ఉండేది. 2025 జనవరిలో దాన్నీ రద్దు చేశారు.

మధ్యాహ్నం:
ఇద్దరూ న్యూజెర్సీ రాష్ట్రం 2020లో చేసిన పర్యావరణ న్యాయ చట్టాన్ని చూడండి. ఇప్పటికే భారం మోస్తున్న పేటలో కొత్త విద్యుత్ కేంద్రమో, చెత్త కాల్చే కేంద్రమో పెట్టాలంటే మొత్తం కాలుష్యాన్ని కలిపి లెక్కించాలి. మిగతాచోట్ల కంటే భారం పెరిగేటట్టుంటే, తప్పనిసరి ప్రజావసరం ఉంటే తప్ప అనుమతి నిరాకరించాలి. ఉద్దేశం ఎవరూ నిరూపించనక్కర్లేదు. ఆ పేటల్ని గుర్తించే కొలతల్లో జాతి ఒకటి, తక్కువ ఆదాయం మరొకటి. 35 శాతం కుటుంబాలు పేదవైతే చాలు, వారు తెల్లవారైనా సరే. నీలిమేఘం గారూ, ఇలాంటి చట్టం వెస్ట్ వర్జీనియాకూ రావాలంటే మీ అభ్యంతరం ఏమిటి?