డిసెంబర్‌లో అమ్మానాన్నలతో ఆర్‌వీలో స్ప్రింగ్స్ (నీటి ఊటలు) చూడాలి, సలహా కావాలి

జాక్సన్‌విల్ నుంచి, కొత్తగా వచ్చాను:
అందరికీ నమస్కారం. ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఫ్లోరిడా వచ్చాను. డిసెంబర్ చివర్లో అమ్మానాన్న వస్తున్నారు. ఆర్‌వీ (లోపలే పడక, వంట, బాత్రూమ్ ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కులో ఉండి, వాళ్లకు మానటీలను (సముద్రపు ఆవులు అంటారే, ఆ పెద్ద నీటి జంతువులు) చూపించాలని ఉంది. మాది నంద్యాల. మహానంది కోనేట్లో మునిగినట్టు ఇక్కడి ఊటలోనూ ఒక మునక వేయాలని నాన్న కోరిక. ఎన్ని అడుగుల ఆర్‌వీ తీసుకోమంటారు?

టాంపా నుంచి:
తమ్ముడూ, ఆర్‌వీ సంగతి తర్వాత. ముందు పార్కులో సైటు (బండి నిలుపుకుని ఉండే చోటు) ఉందేమో చూడు. సైట్ల బుకింగ్ 11 నెలల ముందే తెరుస్తారు, చలికాలం రోజులు తెరవగానే అయిపోతాయి. మేము నాలుగేళ్లుగా వెళ్తున్నాం. చలిగాలి వచ్చిన మర్నాడు పొద్దున్నే చెక్క వంతెన మీదకి వెళ్లండి. ఊట నీళ్లు ఏడాదంతా 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. సెయింట్ జాన్స్ నది చల్లబడితే మానటీలు అందులో బతకలేవు, అందుకే ఇటు వస్తాయి. 2024 జనవరిలో ఒక్కరోజే 932 లెక్కపెట్టారు. మా అమ్మ రెయిలింగ్ పట్టుకుని గంటసేపు కదల్లేదు. ముక్కు పైకెత్తి బుస్సుమని ఊపిరి వదిలి మళ్లీ మునుగుతాయి. వీపు మీద పడవ ప్రొపెల్లర్లు కోసిన తెల్లటి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏ మానటీ ఏదో ఆ మచ్చలను బట్టే గుర్తుపడతారు.

ఓర్లాండో నుంచి:
బాబూ, మాకు జరిగింది చెబుతాను, నీకు జరగకూడదు. రెండేళ్ల క్రితం ఒకచోట 25 అడుగుల ఆర్‌వీ తీసుకున్నాం. బండి చేతికొచ్చేసరికి చీకటి పడింది. పిల్లలు ఆకలి అంటున్నారు, అద్దెకిచ్చినతనేమో అంతా బాగుంది, సంతకం పెట్టండి అని తొందరపెట్టాడు. పెట్టేశాం. తిరిగి ఇచ్చిన రోజు పక్కన పరిచే పందిరి గుడ్డ లాగి, బొటనవేలంత చిరుగు చూపించాడు. మేము దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. చిరుగు అంచున ఎండిపోయిన ఆకు అతుక్కుని ఉంది, అంటే ఎన్నాళ్ల నాటిదో. ఎంత చెప్పినా వినలేదు, డిపాజిట్‌లో 600 డాలర్లు కోసుకున్నాడు. మా దగ్గర ఒక్క ఫోటో లేదు. పగలే వెళ్లు. పందిరి తెరిపించు, టైర్లు, పైకప్పు, ట్యాంకుల మీటర్లు అన్నీ వీడియో తియ్యి. మురుగు పైపు బిగించి చూపించమను.
ఇంకొకటి, తిండి బయట పెట్టొద్దు. పులిహోర డబ్బా బల్ల మీద పెట్టి నీళ్లకి లోపలికెళ్లి వచ్చేలోగా రకూన్ (పిల్లిలాంటి అడవి జంతువు) మూత తీసేసింది.

గెయిన్స్‌విల్ నుంచి:
టాంపా అన్నగారూ, 11 నెలలు అందరికీ కాదు. 2024 జనవరి నుంచి ఫ్లోరిడా నివాసులకే 11, బయటి రాష్ట్రాలవాళ్లకు 10. తమ్ముడు ఇక్కడివాడే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ డిసెంబర్‌కి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇక క్యాన్సిలేషన్ల మీదే ఆశ. శుక్ర, శనివారాలు వదిలేసి వారం మధ్యలో వెతకమనండి.
స్నానం విషయం ఎవరూ చెప్పలేదు. నవంబర్ మధ్య నుంచి మార్చి దాకా బ్లూ స్ప్రింగ్‌లో మనుషులు దిగకూడదు. మానటీని ముట్టుకోవడం ఎక్కడైనా నేరమే. నాన్నగారి మునక వెకీవా స్ప్రింగ్స్‌లో పెట్టుకోండి, ఓర్లాండో పక్కనే, అక్కడ మామూలుగా ఏడాదంతా దిగనిస్తారు.

టాంపా నుంచి:
11, 10 తేడా నాకు తెలియదు, మంచిమాట చెప్పారు. వెకీవా మాత్రం డిసెంబర్‌లో వద్దంటాను. నీళ్లు వెచ్చగానే ఉంటాయి, బయటికొచ్చాక గాలికి మా మామగారు గంటసేపు వణికారు. పెద్దవాళ్లతో ఎందుకు?

గెయిన్స్‌విల్ నుంచి:
పొద్దున్నే దించితే వణకరా అన్నా? మధ్యాహ్నం ఎండలో వెళ్లి, తువ్వాలు, పొడిబట్టలు గట్టు మీదే పెట్టుకోవాలి. అంత దూరం నుంచి వచ్చే పెద్దాయన కోరికను కాదనకండి.

ఓర్లాండో నుంచి:
చాలా పార్కుల్లో సైటు దగ్గర కరెంటు, నీళ్లు ఉంటాయి కానీ మురుగు పైపుకి కనెక్షన్ అన్నిచోట్లా ఉండదు. బయల్దేరేముందు డంప్ స్టేషన్‌లో (మురుగు వదిలే చోట) ముందు బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్‌ది), తర్వాత గ్రే ట్యాంక్ (గిన్నెలు, స్నానం నీళ్లది) వదలండి. గిన్నెలు కడిగిన నీళ్లు వెనక వస్తే పైపు దానంతటదే శుభ్రమవుతుంది. చేతులకి గ్లౌజులు మర్చిపోవద్దు.

జాక్సన్‌విల్ నుంచి:
అందరికీ ధన్యవాదాలు. రాత్రంతా రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. మంగళవారం ఒక్క రాత్రికి క్యాన్సిలేషన్ దొరికింది, బుక్ చేసేశాను. సైటు పొడవు 30 అడుగులని ఉంది. దానికి సరిపోయే బండి ఇప్పుడు వెతుకుతున్నాను. మునక మధ్యాహ్నం పెట్టుకుందామని నాన్నకి చెప్పాను, సరేనన్నారు.