బైపీసీ చదివిన అమ్మాయికి జీఎన్ఎం మేలా, బీఎస్సీ నర్సింగ్ మేలా?

ఆదోని తండ్రి:
మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. తక్కువ ఖర్చుతో, వీలైనంత త్వరగా నర్సింగ్ పట్టా చేతికి రావాలన్నది మా కోరిక. బెంగళూరులోని ఒక కళాశాల తరఫున ఏజెంటు ఇంటికి వచ్చి, ఒరిజినల్ మార్కుల మెమో, టీసీ ఇస్తే సీటు ఖాయమని చెప్పి వెళ్లాడు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

నైట్ డ్యూటీ, నంద్యాల:
జీఎన్ఎం డిప్లొమా చేయించండన్నా. మూడేళ్లలో చదువు ముగించి, రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉద్యోగంలో చేరుతుంది. ఆ తరువాత తన సంపాదనతోనే, జీఎన్ఎం వారికి పట్టా ఇచ్చే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదువుకుంటుంది. నేను వచ్చిన దారి అదే. నా చదువుకు మా నాన్న అప్పు చేయలేదు.

పెన్న ఒడ్డు, కడప:
మూడుకు రెండు కలిపితే ఐదు. నేరుగా బీఎస్సీలో చేరితే నాలుగేళ్లే. ఆయన అడిగింది పట్టా గురించి. పైగా రెగ్యులర్ పోస్ట్ బేసిక్‌లో చేరినవారు పగలంతా తరగతులకూ వార్డులకూ తిరగాలి గనుక, అక్క చెప్పిన సంపాదన ఆ రెండేళ్లూ ఎక్కడినుంచి వస్తుందో నాకు అర్థం కాలేదు. ఎయిమ్స్ ఆసుపత్రుల నియామకాలకు జరిపే నార్సెట్‌కు బీఎస్సీ వారు అనుభవం లేకున్నా అర్హులే. జీఎన్ఎం వారికైతే కనీసం 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్లు పనిచేసి ఉండాలి.

హాజరు పట్టీ:
జీఎన్ఎం మూడేళ్లు కాదు, మూడున్నరేళ్లు.

నైట్ డ్యూటీ:
అది పాత లెక్క. 2015-16 నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి మూడేళ్లే.

హాజరు పట్టీ:
2012లో చేరిన మా చెల్లెలికి మూడున్నరేళ్లు పట్టింది. కళ్లారా చూశాను.

తుంగభద్ర, కర్నూలు:
ఏజెంటు సంగతి ఎవరూ మాట్లాడరేం? మా మేనకోడలు అలాగే వెళ్లి, మొదటి ఏడాదే మానేస్తానంటే నాలుగేళ్ల ఫీజూ కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటు అక్కడ వర్తించదు. ఇక్కడి కన్వీనర్ కోటా ప్రవేశాలు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం జరుపుతుంది. కర్నూలులోనే ప్రభుత్వ నర్సింగ్ కళాశాల ఉంది. ఏ కళాశాలైనా సరే, ముందు భారత నర్సింగ్ మండలి జాబితాలో ఈ విద్యాసంవత్సరానికి దాని పేరు ఉందో లేదో చూడండి. తరువాత భవనాన్ని కాదు, పిల్లలను శిక్షణ పోస్టింగుకు పంపే ఆసుపత్రిని చూడండి. పెద్దాసుపత్రి లేబర్ రూములో నిలబడి నేర్చుకున్న పిల్లకూ, కాన్పుల వివరాలు నమోదు చేసే సీనియర్ కేస్‌బుక్కును ముందు పెట్టుకుని చూడని కాన్పులను చూసినట్టు రాసుకున్న పిల్లకూ తేడా మొదటి రాత్రి డ్యూటీలోనే బయటపడుతుంది.

పెన్న ఒడ్డు:
ఈ మాటతో ఏకీభవిస్తాను. అయినా ఐదు కన్నా నాలుగు తక్కువ అన్న నా ప్రశ్నకు జవాబు రాలేదు.

నైట్ డ్యూటీ:
ఐదు, నాలుగు అంటూ వేళ్లు మడవడం సులభమే తమ్ముడూ. నాలుగో ఏడాది వరకు ఇంట్లో ఎవరు పోషిస్తారు? మా అన్నకు ఇంజనీరింగ్ మేనేజ్‌మెంటు సీటు కోసం రెండెకరాలు అమ్మారు. నా వంతు వచ్చేసరికి త్వరగా అయ్యేది చూసుకోమన్నారు.

పెన్న ఒడ్డు:
అంటే జీఎన్ఎం మేలని కాదు, మీకు వేరే దారి లేక చేరారు. అదే ఇప్పుడు ఇంకొక ఆడపిల్లకు సలహాగా చెబుతున్నారు.

నైట్ డ్యూటీ:
నోరు అదుపులో పెట్టుకోండి. ఆ చదువుతోనే ఈ రోజు ఐసీయూ నడుపుతున్నాను, మా అన్న పిల్లల ఫీజులూ కడుతున్నాను. నేను తప్పుపట్టింది చదువును కాదు, త్వరగా అన్న మాట ఆడపిల్లకే ఎందుకు వస్తుందని.

తుంగభద్ర:
ఆదోని అన్నా, మీకు అంత తొందర ఎందుకో చెప్పండి.

ఆదోని తండ్రి:
దాపరికం దేనికి, మా అబ్బాయి వచ్చే ఏడాది ఇంజనీరింగ్‌లో చేరాలి. ఇద్దరి ఫీజులూ ఒకేసారి మోయలేను. అమ్మాయికి 86 శాతం వచ్చింది, అది బీఎస్సీయే కావాలంటోంది.

నైట్ డ్యూటీ:
అంత బాగా చదివే పిల్లను, కన్వీనర్ కోటాలో ప్రయత్నించకుండా జీఎన్ఎంకు పంపమని నేనూ చెప్పను. ఏజెంటుకు ఒక్క కాగితం ఇవ్వకండి, కౌన్సెలింగ్‌కు ఆ ఒరిజినల్సే కావాలి. అబ్బాయి చేత ఈఏపీసెట్ శ్రద్ధగా రాయించి, వాడికీ కన్వీనర్ కోటాయే చూడండి.