అప్‌డేట్: చంద్రగిరి కోటలో పుస్తకాల కబుర్లు

సెలవు రోజు బయట కనిపించే తెలియనివాళ్లతో పుస్తకాల గురించి మాట కలపడం ఎలా అని ఆమధ్య అడిగాను కదా. అట్ట అందరికీ కనపడేలా పుస్తకం పట్టుకుని కూర్చోమని ఒకరు చెప్పారు. అది పనిచేసింది!

చంద్రగిరి కోటకు వెళ్లాను. ఎండ చుర్రుమంటోంది. రాజమహల్ ఎదురుగా చెట్టు నీడలో మధురాంతకం రాజారాం కథలు తెరిచాను. పక్కన కూర్చున్న ఒక పెద్దామె అట్ట చూసి, "ఏం నాయినా, ఈయన కథలు ఇప్పటి పిల్లోళ్లు గూడా చదువుతారా?" అన్నారు. చిత్తూరులో టీచరుగా చేసి రిటైరయ్యారట. రాజారాం గారూ టీచరే కాబట్టి మాట ఇట్టే సాగింది. 1993లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన సంగతి గర్వంగా చెప్పారు, సొంత అన్న గురించి చెప్పినట్టు.

నేను రాసే కథల్లో మన యాస ఎంత పెట్టాలన్నది నాకెప్పుడూ టెన్షనే. అదే అడిగాను. "మాటల్లో పెట్టు, వర్ణనలో తగ్గించు. రాసినాక గట్టిగా చదువు. నోరు తట్టుకున్న చోట మార్చు" అన్నారు. నేను విన్న సలహాల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

ఈలోగా యూనివర్సిటీలో ఎమ్మే తెలుగు చదివే అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. వచ్చే సెలవుకు ముగ్గురం మళ్లీ అక్కడే కలుస్తున్నాం. కథ రాసుకు రమ్మన్నారు మేడమ్. మొదలుపెట్టాను.