హైడా స్టైల్‌లో వుడ్‌బర్నింగ్ – ఓర్కా బొమ్మ కుదరడం లేదు, అమ్మకం గురించి కూడా ఒక సందేహం

బోథెల్_చెక్కపని:
అందరికీ నమస్కారం. సియాటిల్ దగ్గర బోథెల్‌లో ఉంటాం. శీతాకాలంలో బయటికెళ్లే పని ఉండదు కాబట్టి బర్నింగ్ పెన్ (కాలే కొనతో చెక్క మీద గీసే పెన్) కొని బాస్‌వుడ్ పలకల మీద గుడ్లగూబ, డేగ, ఎలుగుబంటి వేస్తున్నాను. బొచ్చు, ఈకలు బాగానే వస్తున్నాయి. ఇక్కడ ఎక్కడ చూసినా కనిపించే ఆ నలుపు-ఎరుపు జంతువుల బొమ్మలు నాకు చాలా ఇష్టం. ఆ హైడా (ఇక్కడి పసిఫిక్ తీరపు ఆదివాసీలు) పద్ధతిలో ఓర్కా, అదే కిల్లర్ వేల్, ఒకటి మొదలుపెట్టాను. స్టెన్సిల్ పెట్టి కొట్టినట్టుంది, ప్రాణం లేదు. దానికి తోడు ఎరుపు వేయగానే రంగు గీత దాటి చెక్క నారల్లోకి పాకిపోతోంది.

ఇంకొకటి. మా కమ్యూనిటీ సెంటర్‌లో క్రాఫ్ట్ ఫెయిర్ ఉంది. 'హైడా ఆర్ట్' అని కార్డు రాసి పెడదామనుకుంటే మా ఆవిడ వద్దంటోంది. పెద్ద విషయమా ఇది?

పెయింట్‌డబ్బా:
రంగు సంగతి నేను చెప్తాను. కత్తి అంచులాంటి సన్నటి టిప్‌తో నల్లభాగం రెండు అంచులూ ముందు కాల్చండి. పైపైన కాదు, వేలితో తడిమితే గాడి తెలియాలి. ఆ గాడి దగ్గర రంగు ఆగిపోతుంది. తర్వాత గట్టి బ్రష్‌తో మసి మొత్తం దులపండి, లేకపోతే ఎరుపు మురికిగా తేలుతుంది. అక్రిలిక్‌లో నీళ్లు మరీ ఎక్కువ కలపకుండా పల్చటి పూతలు రెండు వేసుకోండి. లోపలి నలుపంతా పెన్‌తో కాల్చి నింపాలని చూడొద్దు. ఎంత ఓపిగ్గా చేసినా ఒకచోట గోధుమరంగు, ఒకచోట బొగ్గు. దానికి నల్ల పెయింటే మేలు.

బర్నబీ_బాబాయ్:
మీ ఓర్కా ఎందుకలా ఉందో ఫోటో చూడకుండానే చెప్పగలను. ముందు ఓర్కా ఆకారం గీసి, చుట్టూ ఔట్‌లైన్ లాగి, లోపల ఖాళీ కనపడిన చోటల్లా ఓవాయిడ్లు (మూలలు గుండ్రంగా ఉండే అడ్డపు ఆకారాలు) పెట్టి ఉంటారు. హైడా బొమ్మలో నలుపు ఔట్‌లైన్ కాదండీ, అదే ఒళ్లు. తల, రెక్క, తోక అన్నిటినీ కలుపుకుంటూ తెగకుండా సాగుతుంది. ఫార్మ్‌లైన్ అంటారు. ఆ మాట 1965లో వచ్చిన బిల్ హోమ్ పుస్తకంతో స్థిరపడింది. ఆయన మీ దగ్గరి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ మనిషే, హైడా కాదు. మ్యూజియంలలోని పాత పెట్టెలూ చెంచాలూ వందల్లో ముందేసుకుని, ఏ గీత ఎక్కడ లావెక్కుతోందో చూసి రాశారు.

ముగ్గు గీతకి మొదటి నుంచి చివరిదాకా ఒకటే మందం. ఈ గీత అలా ఉండదు. వంపు మధ్యలో లావెక్కి, ఇంకో గీతతో కలిసే చోటికి సన్నబడుతుంది. రెండు గీతలు కలిసిన మూల నల్లముద్ద కాకుండా అక్కడ చిన్న ముక్కోణపు ఖాళీయో, నెలవంక ఖాళీయో వదులుతారు. బొమ్మకి ఊపిరాడేది ఆ ఖాళీలతోనే. నెట్‌లో దొరికే నకళ్లలో ముందు ఎగిరిపోయేవీ అవే.

ఓవాయిడ్ కోడిగుడ్డు కాదు. పై అంచు ఉబ్బుతుంది, కింది అంచు కాస్త లోపలికి వంగుతుంది. పైన గీత మందం, కింద సన్నం. కళ్లకీ కీళ్లకీ అదే. పాతవాళ్లు కూడా ఓవాయిడ్లకి సెడార్ బెరడుతో అచ్చులు కత్తిరించుకునేవారు. మీరూ అట్టతో మూడు నాలుగు సైజులు కత్తిరించుకోండి. తప్పేం లేదు.

రంగులకీ వరస ఉంది. ప్రధాన గీత నలుపు. నాలుక, బుగ్గ, లోపలి వివరాలు ఎక్కువగా ఎరుపు. నీలం-ఆకుపచ్చ మూడోది, చాలా బొమ్మల్లో అసలు ఉండదు. ఒకప్పుడు సాల్మన్ గుడ్లు నమిలి ఆ జిగురులో రంగుపొడి కలిపేవారు. మీరు అంతదూరం వెళ్లనక్కర్లేదు.

జంతువుని పోల్చుకునేది గుర్తుల్ని బట్టి. బీవర్‌కి రెండు పెద్ద ముందుపళ్లు, గళ్ల తోక. డేగ ముక్కు కొన కిందికి వంగుతుంది, రేవెన్ (పెద్ద కాకి) ముక్కు దాదాపు తిన్నగా ఉంటుంది. ఓర్కాకి వీపు మీద పొడవాటి రెక్క. మీరు బొచ్చు బాగా వేస్తానన్నారు, ఇక్కడ ఆ చేతిపనిని పక్కన పెట్టాల్సిందే. ఈ రెండిటినీ ఒకే పలక మీద కలిపినవి చూశాను. నాకైతే నచ్చలేదు.

చెక్క గురించి ఒక మాట. హైడా వాళ్లు రెడ్ సెడార్ వాడారు కదా అని మీరూ దానికి వెళ్లొద్దు. మెత్తటి నార ఒకలా, గట్టి నార ఒకలా కాలి గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. దాని పొడి ఆస్తమా కూడా తెప్పిస్తుంది. బాస్‌వుడ్డే బెస్ట్, లేదంటే ఆల్డర్. చిన్న ఫ్యాన్ పొగని మీ మొహం మీదకి తోసేలా కాక అవతలికి లాగేలా పెట్టుకోండి.

ఇక అమ్మకం. మీ ఆవిడ చెప్పిందే కరెక్ట్. అమెరికాలో 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, ఆదివాసీలు చేయని వస్తువుని వాళ్లు చేసిందన్నట్టు అమ్మకానికి పెట్టడం నేరం. హైడా వాళ్లు బ్రిటిష్ కొలంబియాలోని హైడా గ్వాయ్ దీవులతో పాటు అలాస్కాలోనూ ఉన్నారు. కాబట్టి ఆ కార్డు రాయొద్దు.

ఇంకో సంగతి, మీరు 'ఎక్కడ చూసినా' అన్నారే, ఆ బొమ్మలన్నీ హైడావి కావు. సియాటిల్ కోస్ట్ సేలిష్ అనే వేరే ఆదివాసీల నేల, వాళ్ల శైలి వేరు. పయనీర్ స్క్వేర్‌లో టోటెం స్తంభం (చిహ్నాలు చెక్కిన దుంగ) ఉంది చూడండి, అది ట్లింగిట్ అనే ఇంకో ఆదివాసీలది. 1899లో సియాటిల్ పెద్దమనుషులు కొందరు ఓడలో వెళ్లి అలాస్కాలోని వాళ్ల ఊరి నుంచి అడక్కుండా నరికి తెచ్చుకున్నారు. ఇప్పుడున్నది తర్వాత చెక్కించిన నకలు.

కొత్తపేట_కుర్రాడు:
బాబాయ్ గారూ, చట్టం సరే. 'హైడా నుంచి ఇన్‌స్పైర్ అయ్యాను' అనడానికి కూడా పర్మిషన్ కావాలా? మన కలంకారి డిజైన్లు ప్రపంచమంతా ప్రింట్ చేసి అమ్ముతోంది, మనమేమైనా అడ్డుపడ్డామా?

బర్నబీ_బాబాయ్:
అడ్డుపడలేకపోయాం అనండి. శ్రీకాళహస్తిలో కలం పట్టి గీసేవాళ్లని అడిగితే స్క్రీన్ ప్రింట్ చీరల గురించి వేరే మాట చెప్తారు.

హైడా వాళ్లలో అందరూ రేవెన్ వైపో, డేగ వైపో పుడతారు. ఆ రెండు వైపుల్లోనూ మళ్లీ వంశాలు, ఒక్కో వంశానికి సొంత చిహ్నాలు. ఆ చిహ్నం వేసుకునే హక్కు తల్లి వైపు నుంచి వస్తుంది, నలుగురిని పిలిచి పాట్లాచ్ విందులో దాన్ని చాటుకోవాలి. ఆ పాట్లాచ్‌నే కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. అంతకుముందే 1862 మశూచికి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. హైడా శిల్పి రాబర్ట్ డేవిడ్‌సన్ 1969లో హైడా గ్వాయ్‌లోని మాసెట్‌లో టోటెం స్తంభం నిలబెట్టాడు. అక్కడ దాదాపు 90 ఏళ్లలో అదే మొదటిది. తమ సొంత బొమ్మ వేసుకోనివ్వని కాలం దాటొచ్చినవాళ్లు, మనం ఫెయిర్‌లో ఆ బొమ్మకి ధర కట్టి పెడితే ఎలా చూస్తారో ఆలోచించు నాయనా.

నేర్చుకోవడానికి ఇంట్లో ఎన్ని వేసినా ఎవరూ ఏమీ అనరు. అమ్మేవాటిలో మాత్రం ఆ ఓవాయిడ్లూ ఆ చిహ్నాలూ వద్దంటాను. లావెక్కి సన్నబడే గీత ఎవరి సొత్తూ కాదు. దాన్ని మీ గుడ్లగూబకి మీ పద్ధతిలో పట్టించండి.

బోథెల్_చెక్కపని:
చాలా థాంక్స్ అండీ. కార్డు ఆలోచన మానేశాను, ఫెయిర్‌కి నా గుడ్లగూబలే తీసుకెళ్తాను. ఓర్కా ఇంట్లోకే. అసలైనవి దగ్గరగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

బర్నబీ_బాబాయ్:
ముందు మీ సియాటిల్‌లోనే బర్క్ మ్యూజియం. ఇటు వచ్చినప్పుడు వాంకూవర్‌లో యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) ఆంత్రోపాలజీ మ్యూజియంలో హైడా శిల్పి బిల్ రీడ్ చెక్కిన రేవెన్ ఉంది, క్లామ్ చిప్పలోంచి మొదటి మనుషులు తొంగిచూస్తుంటారు, 1980 నాటిది. ఎవరినైనా దింపడానికి వాంకూవర్ ఎయిర్‌పోర్ట్‌కి వస్తే ఇంటర్నేషనల్ టెర్మినల్‌లో ఆయనదే ఆకుపచ్చ కంచు పడవ శిల్పం. దానికి టికెట్ కూడా అక్కర్లేదు. ఆ ఓర్కాని మళ్లీ కాల్చేముందు పెన్సిల్ స్కెచ్ ఇక్కడ పెట్టండి, మూలల్లో ఖాళీలు ఎక్కడ వదలాలో చెప్తాను.