కృష్ణానగర్‌లో ఇల్లు తీసుకోవచ్చా? మా అమ్మకి సినిమా వాళ్ల ఇళ్లు చూడాలని ఉంది

గోదావరి గట్టు:

నమస్కారమండి. మాది తణుకు. వచ్చే నెల నుంచి నాకు రాయదుర్గంలో ఉద్యోగం. నేను, మా ఆవిడ, మూడేళ్ల పాప, మా అమ్మ, మొత్తం నలుగురం. ఇరవై వేల లోపు అద్దెకి డబుల్ బెడ్‌రూమ్ వెతుకుతున్నాను.

అసలు చిక్కు మా అమ్మతో. నాన్న పోయాక కూడా ఊరు కదలనని భీష్మించుకు కూర్చుంది. ఆవిడ శోభన్ బాబు వీరాభిమాని. అందుకని "హైదరాబాద్‌లో సినిమా వాళ్ల ఇళ్ల పక్కనే ఉందామమ్మా, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే హీరోలు ఎదురొస్తారు" అని ఒక అబద్ధం ఆడి ఒప్పించాను. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి "ఎవరింటి పక్కన చూశావురా?" అంటోంది.

జూబ్లీహిల్స్ అద్దెలు మనవల్ల కాదు. మ్యాపులో చూస్తే కృష్ణానగర్ దాన్ని ఆనుకునే ఉంది. ఒక బ్రోకరు బి బ్లాకులో పద్దెనిమిది వేలకి గ్రౌండ్ ఫ్లోర్ ఫొటోలు పంపాడు. శుభ్రంగా, కొత్త రంగు వేసి ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ అయితే నయం. ఫ్రెండ్స్ మాత్రం మణికొండ అంటున్నారు. ఏది మంచిది? ఆదివారం అమ్మని తీసుకెళ్లి చూపిద్దామంటే ఆ ఇళ్లు బయట నుంచి కనపడతాయా? శోభన్ బాబు గారి ఇల్లు ఏ రోడ్డులో ఉంది?

మణికొండ మేడ మీద:

మణికొండే తీసుకోండి. ఆరేళ్లుగా ఉంటున్నాం. లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి, మీ ఆఫీసు దగ్గర. మెట్రో లేదు. నీళ్ల టెన్షన్ ఒకటి ఉంది. మార్చి వచ్చిందంటే ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిపేస్తారు, పోయిన వేసవిలో ఎంత కట్టించుకున్నారో అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి.

సినిమా వాళ్లంటే, మా లేన్‌లో ఒక సీరియల్ అత్తగారు ఉంటారు. కూరగాయల బండి దగ్గర ఆవిడ నవ్వి పలకరిస్తే మా అమ్మ మొహం తిప్పుకుని వచ్చేసింది. కోడల్ని అన్నం తిననివ్వలేదట, ముందు రోజు ఎపిసోడ్‌లో.

ఏసీ శ్రీను:

అన్నా, ముందు అమ్మగారికి చెప్పాల్సిన కబురు. శోభన్ బాబు ఇల్లు హైదరాబాద్‌లో లేదు. తెలుగు సినిమా మొత్తం మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని ఇటు వచ్చినా ఆయన రాలేదు. 2008లో పోయేదాకా చెన్నైలోనే ఉన్నారు. చేతిలో డబ్బు ఉన్నప్పుడే భూమి కొనమని తోటివాళ్లకి చెప్పేవారని పేరు. మురళీమోహన్ గారు రియల్ ఎస్టేట్‌లోకి రావడానికి ఆయన మాటే కారణమని చెప్తారు. కొనే సంగతి అమ్మగారి హీరో ఎప్పుడో చెప్పేశారు కాబట్టి కిరాయి సంగతి నేను చెప్తా.

నేను ఏసీ మెకానిక్‌ని. 2003లో నల్లగొండ నుంచి వచ్చి కృష్ణానగర్‌లో దిగాను. నాలుగు ఇళ్లు మారాను గాని ఈ గల్లీలు దాటలేదు. నా పని సగం పైన జూబ్లీహిల్స్‌లోనే.

సినిమా వాళ్ల ఇల్లంటే బయట నుంచి మీకు కనపడేది గేటు. దాని మీద ఇంకో రెండడుగుల రేకు, దాని పైన కాగితం పూల తీగ, తీగలో కెమెరా. పేరు బోర్డు చాలా ఇళ్లకి ఉండదు. నేను లోపలికి పోతాను గాని ఆ గేటు నుంచి కాదు, పక్క సందులో ఇంకో చిన్న గేటు ఉంటుంది. వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరు, టైము రాయించుకుని మన ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అతికిస్తాడు. అక్కడి నుంచి వెనక మెట్ల మీద సీదా టెర్రస్. హీరోగారి హాలు ఎట్లా ఉంటుందని మా బంధువులు పెళ్లిళ్లలో నన్ను చుట్టుముడతారు. హాలు నేనెక్కడ చూశాను? టెర్రస్ గురించి అడిగితే రాత్రంతా చెప్తాను.

ఒక ఇంటి మీద పదహారు అవుట్‌డోర్ యూనిట్లు ఉన్నాయి, బడిపిల్లల్లాగా వరసగా. కేబీఆర్ పార్కు దగ్గర కాబట్టి నెమళ్లు వచ్చి వాటి మీద కూర్చుంటాయి. ఎండాకాలం సర్వీసుకి పోతే బ్లోయర్ పెట్టే ముందు రెట్ట గీకాలి, సందుల్లో ఇరుక్కున్న ఈకలు చేత్తో ఏరాలి. మా పాప కోసం మంచివి రెండు సంచిలో పెట్టుకున్నాను. దిగేటప్పుడు వాచ్‌మన్ సంచి తీసి చూసి ఆ రెండూ ఉంచేసుకున్నాడు. వాడికీ పాప ఉందేమో, నేను అడగలేదు.

అదే టెర్రస్ మీద నీళ్ల ట్యాంకుకి ఎండ తగలకుండా ఒక ఫ్లెక్సీ కప్పారు. ఆ ఇంటి హీరోదే, పాత సినిమాది, కత్తి పట్టుకుని తలకిందులుగా ఉన్నాడు. మా గల్లీ కర్రీ పాయింట్ మీద కూడా ఆయనదే ఇంకొకటి ఉంది, వాన పడకుండా.

అక్కడ నిలబడితే కింద మా కృష్ణానగర్ అంతా అరచేతిలో ఉన్నట్టు కనపడుతుంది. మా బిల్డింగ్ ట్యాంకు మూత ఎప్పుడో గాలికి పోతే ఓనరు ఎర్ర టబ్బు బోర్లించాడు, దాంతో పైనుంచే నా ఇల్లు గుర్తుపడతాను. మీరు చూసిన మ్యాపులో ఈ ఏటవాలు కనపడదు. ఎండాకాలం ట్యాంకర్లు మా రోడ్డు మీంచే మూలుగుతూ పైకి ఎక్కుతాయి. వానాకాలం పైన పడిన నీళ్లన్నీ మా దగ్గరికి దిగుతాయి. అక్కడ కింద రాయి, పైన సిమెంటు, ఇంకితే కదా ఇంకడానికి. గంటసేపు గట్టి వాన పడితే బి బ్లాకు గల్లీల్లో మోరీ ఏదో రోడ్డు ఏదో తెలియదు, బైకులు వాటంతట అవే బయల్దేరతాయి.

2020 అక్టోబర్ 13 రాత్రి, ఊరంతా మునిగిన ఆ వానకి నా స్కూటీ పోయింది. తెల్లారి చూస్తే నాలుగు సందుల అవతల ఒక టైలర్ షట్టర్‌కి ఆనుకుని ఉంది. డిక్కీలో కొత్త కెపాసిటర్లు, గ్యాస్ గేజీ, అన్నీ బురద. ఆ టైలర్ సినిమాలకి కుడతాడు. లోపల రాజుల అంగీలు, జరీ తలపాగాలు మోకాలి లోతు నీళ్లలో. వాటిని పిండి కరెంటు తీగ మీద ఆరేస్తుంటే నేను పోయి బండి అడగలేకపోయాను, కాసేపు నేనూ పిండాను.

కాబట్టి బి బ్లాకు గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. కృష్ణానగర్ మొత్తం వద్దనట్లేదు. మెయిన్ రోడ్డు వైపు ఎత్తు మీద, ఫస్ట్ ఫ్లోర్ పైన తీసుకుంటే ఏ బాధా లేదు. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఏడో స్టేషను మీ రాయదుర్గం.

ఇక సినిమా వాళ్లు ఇక్కడ మస్తు ఉన్నారు. అటు అమీర్‌పేట వైపు సారథి స్టూడియో ముందు నుంచే ఉంది. 1976లో ఇటు గుట్టల్లో అన్నపూర్ణ స్టూడియో, 22 ఎకరాల్లో. తర్వాత పైన ఫిలింనగర్‌లో రామానాయుడు, పద్మాలయ. కార్లున్నవాళ్లు గుట్టెక్కారు, నడిచి పోయేవాళ్లు మధ్యలో ఈ గల్లీలు పట్టుకున్నారు. పొద్దున ఐదింటికి గణపతి కాంప్లెక్స్ దగ్గరికి రండి. సంచులు భుజాన వేసుకుని జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ వాళ్లు బండి కోసం నిలబడి ఉంటారు. మా పక్కింటాయన పద్దెనిమిదేళ్లుగా సినిమాల్లో కానిస్టేబుల్. ఇంకా ప్రమోషన్ రాలేదు.

చిత్రపురి అక్క:

శ్రీను చెప్పింది నిజమే గాని ఒకటి మర్చిపోయాడు. కృష్ణానగర్‌లో సినిమా వాళ్లకే ఇల్లు దొరకదు బాబూ. షూటింగ్ ఉంటేనే అద్దె వస్తుందని ఓనర్లకి భయం. మా ఆయన లైట్‌మన్. ఇల్లు అడగడానికి పోయినప్పుడల్లా ఎలక్ట్రీషియన్‌నని చెప్పేవాడు. ఒకసారి ఓనరు "అయితే ఈ ఫ్యాన్ చూడు" అంటే బాగుచేసి మరీ ఇల్లు సంపాదించాడు. మీరు సాఫ్ట్‌వేర్ అనండి చాలు, కుర్చీ వేసి కూర్చోబెడతారు. కాకపోతే అద్దె రెండు వేలు పెంచి చెప్తారు.

మేం తర్వాత చిత్రపురి కాలనీకి వచ్చేశాం. మణికొండ పక్కనే, సినిమా కార్మికుల కోసం 67 ఎకరాల్లో కట్టింది. నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి గారి పేరే కాలనీకి పెట్టారు, స్థలం కోసం తిరిగింది ఆయనే. పాత సినిమాల్లో విలన్‌గా మీ అమ్మగారు చూసే ఉంటారు, బయట అందరికీ కావలసిన మనిషి. ఇక్కడా కొందరు అద్దెకిస్తారు, లిఫ్టుంది. మెట్రోకి మాత్రం ఆటో ఎక్కాలి.

గోదావరి గట్టు:

అందరికీ థాంక్సండి. శోభన్ బాబు గారి సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు, ధైర్యం చాలట్లేదు. ఈ ఆదివారం ఆవిడని తీసుకునే వస్తున్నాను. బి బ్లాకు ఇల్లు అడ్వాన్సు అడుగుతున్నాడు, ఒకసారి కళ్లతో చూసి వదిలేస్తాను. శ్రీను గారూ, పొద్దున్నుంచి ఎక్కడెక్కడ తిప్పమంటారు?

ఏసీ శ్రీను:

ఆరున్నరకల్లా కేబీఆర్ పార్కు. టికెట్ తీసుకుని లోపల బెంచీ మీద కూర్చోబెట్టండి, మోకాళ్లకి అంతకంటే ఎక్కువ నడక వద్దు. పేరున్నవాళ్లు అక్కడ నడుస్తారు, టోపీ పెట్టుకుని వేగంగా పోతారు కాబట్టి దాటాక గుర్తొస్తారు. నెమళ్లు మాత్రం గ్యారంటీ. తర్వాత పెద్దమ్మ గుడి, ఓపికుంటే ఫిలింనగర్ దైవసన్నిధానం. గేట్ల ముందు కారు ఆపకండి, వాచ్‌మన్ మర్యాదగానే పంపేస్తాడు గాని అమ్మగారు చిన్నబుచ్చుకుంటారు. హీరోల పుట్టినరోజున ఇటు రాకండి, ఆగస్టు 22న, చిరంజీవి గారి పుట్టినరోజున, అస్సలు వద్దు.

ఇంకో రోజు కూడా రోడ్లు ఆగిపోతాయి, ఎవరైనా పెద్దవాళ్లు పోయినప్పుడు. 2022 నవంబర్‌లో కృష్ణ గారిని పద్మాలయ నుంచి మహాప్రస్థానానికి తీసుకెళ్తున్నప్పుడు నాకు పైన మూడు సర్వీసులు ఉన్నాయి. మూడూ పోయాయి. ఒక కస్టమర్ ఫోన్లో అరుస్తూనే ఉంది. మా నాయన ఆయన సినిమాలకి నల్లగొండలో నేల టికెట్ కొని చూసేవాడు. బండి స్టాండ్ వేసి, హెల్మెట్ తీసి నిలబడ్డాను.

అసలుది చెప్పడం మరిచాను. మా బిల్డింగ్ మూడో ఫ్లోర్‌లో ఒక పెద్దమ్మ ఉంది. మద్రాసులో గ్రూప్ డాన్సర్‌గా చేసింది. శోభన్ బాబు వెనక ఎన్ని పాటల్లో కుండ పట్టుకుని తిరిగిందో లెక్కే లేదంటుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక అమ్మగారిని ఇటు తీసుకురండి, పెద్దమ్మకి నేను చెప్పి ఉంచుతా. ఆ టైములో మీరు ఇల్లు చూసి రావచ్చు. గోడలు కింది నుంచి చూడండి.

గోదావరి గట్టు:

శ్రీనన్నా, రాత్రి బస్సులో తణుకు వెళ్తూ రాస్తున్నాను. మీరు సర్వీసుకి వెళ్లారట, కలవలేకపోయాం.

పార్కులో నెమలి చూసింది. ఎవర్నో చూసి "సుమన్‌లా లేడూ?" అంది, కాదు. శోభన్ బాబు గారు చెన్నైలోనే ఉండిపోయారని కారులో చెప్పాను. "నాకు తెలుసులేరా, నువ్వు అంతగా రమ్మంటున్నావని ఊరుకున్నా" అంది.

బి బ్లాకు ఇంటికి వెళ్లాను. ఫొటోల్లో కొత్త రంగు అన్నాను కదా. హాలు, బెడ్‌రూములు, వంటగది, అన్ని గోడలకీ కింద మోకాలి ఎత్తు వరకే కొత్త పెయింటు, పైన పాతదే. ఇదేమిటండీ అంటే ఓనరు "డిజైన్" అన్నాడు. గుమ్మం తలుపు అడుగు చెక్క ఉబ్బిపోయి నేలకి రాసుకుంటోంది.

తిరిగి మీ బిల్డింగ్‌కి వచ్చేసరికి అమ్మ, పెద్దమ్మ గారు మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ గారు చేతులతో స్టెప్పు చూపిస్తున్నారు, పక్కన జంతికల డబ్బా ఖాళీ. నాలుగున్నరకి లేపుదామనుకుంటే ఏడైంది. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగింది గాని మోకాళ్ల మాట ఎత్తలేదు.

మీ బిల్డింగ్‌లో టులెట్ బోర్డు పడితే ఒక్క ఫోన్ కొట్టండన్నా. పెద్దమ్మ గారి ఎదురు పోర్షన్ అయినా సరేనట, రోజుకొక్కసారి దిగితే చాలదా అంటోంది.