అప్‌డేట్: రియాక్ట్ లిస్ట్‌లో తెలుగు పదం ఫిల్టర్ కాకపోవడం - పరిష్కారం దొరికింది

రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ)తో చేసిన పేజీలో సెర్చ్ బాక్స్‌లో 'హార్డ్‌వేర్' అని టైప్ చేస్తే, లిస్ట్‌లో ఆ షాపు కళ్లెదుటే ఉన్నా ఫిల్టర్ దాన్ని తీసేస్తోందని పోయిన వారం అడిగాను. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.

రెండు స్ట్రింగ్‌ల (అక్షరాల వరుసల) లెంగ్త్ ప్రింట్ చేసి చూడమన్న సలహాతోనే గుట్టు తెలిసింది. డేటాలో ఉన్న పదానికి 11, నేను టైప్ చేసినదానికి 10! 'డ్'కీ 'వే'కీ మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (యూ+200సి - పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంది. అది లేకపోతే వకారం కూడా వత్తుగా మారి 'హార్డ్వేర్' అవుతుంది. ఫోన్ కీబోర్డులో చాలామంది ఆ గుర్తు లేకుండానే కొడతారు, వాళ్ల తప్పేం లేదు.

ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు రూపాలను ఒకటి చేసే నార్మలైజ్ ఫంక్షన్ వాడి చూశాను, అది ఈ క్యారెక్టర్‌ని ముట్టుకోదు. పోల్చే ముందు రెండు వైపులా రీప్లేస్‌తో 200సి, దాని జంట 200డి (జీరో విడ్త్ జాయినర్) తీసేశాక వెంటనే పనిచేసింది. పోలికకు మాత్రమే తీసేయండి. స్క్రీన్ మీద చూపించే పేరులో ఉంచాల్సిందే, లేదంటే అక్షరాలు అతుక్కుపోతాయి.

యూజ్‌మెమో (లెక్క ఫలితాన్ని గుర్తుంచుకునే రియాక్ట్ పద్ధతి), కీ ప్రాప్ (లిస్ట్‌లో ఒక్కో వరుసకు ఇచ్చే గుర్తు) మార్చడం, పెద్దక్షరాలను చిన్నవిగా మార్చే టు‌లోయర్‌కేస్ - వీటికీ ఈ సమస్యకీ సంబంధమే లేదు. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కదా. 'సాఫ్ట్‌వేర్', 'ఫేస్‌బుక్' లాంటి పేర్లున్న లిస్ట్ ఏదైనా ముందు ఇదే చూడండి.