సెనేటర్ థూన్ గడ్డి ప్రేమ ఎవరి కోసం?

సూరీడు: అమెరికాలో దక్షిణ డకోటా సెనేటర్ జాన్ థూన్‌కి వేట, చేపలు, గడ్డినేలల పక్షపాతి అని పేరు. ఆయన వదలకుండా పట్టుకున్న పథకం సీఆర్‌పీ (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్): రైతు పంట మానేసి 10–15 ఏళ్లు గడ్డి ఉంచితే కేంద్రం ఏటా అద్దె కడుతుంది. ఇది సంరక్షణా, ఫెజెంట్ కోళ్ల వేటకి సర్కారు సొమ్మా?

బైరాగి: ఫెజెంట్ ఆ నేల పిట్టే కాదు. ఆసియా నుంచి తెచ్చి వదిలారు, 1919 నుంచి అక్కడ కాల్చుకు తింటున్నారు. చర్చ ముగిసింది.

కొర్రచేను: ముగియలేదండి. ఫెజెంట్ పెట్ట నిరుటి ఎండుగడ్డి నిలబడి ఉన్నచోట గూడు పెడుతుంది, 23 రోజులు పొదుగుతుంది. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం మొదటి కోత జూన్‌లో సరిగ్గా అప్పుడే పడుతుంది, పెట్ట గూటి మీదే తెగిపోతుంది. సీఆర్‌పీ గడ్డిని గూళ్ల కాలంలో, అంటే అక్కడ మే 1 నుంచి ఆగస్టు 1 దాకా, మామూలుగా కోయనివ్వరు. మెడోలార్క్ అనే పాట పిట్టలూ అదే గడ్డిలో బతుకుతాయి. ఖర్చులోనూ వేటగాడి వాటా ఉంది: 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద 10–11 శాతం పన్ను, ఆ సొమ్ముతో వన్యప్రాణి పనులకి రాష్ట్రం 25 శాతం పెడితే కేంద్రం 75.

బైరాగి: ఆ పన్నుకీ సీఆర్‌పీకీ సంబంధం లేదు. సీఆర్‌పీ అద్దె వ్యవసాయ శాఖ కడుతుంది. నిరుడు ఇదే మాటంటే నేను రాసిన పోస్టు తీసేశారు.

తంగేడు: మన దగ్గర 1972 చట్టంతో వేట నిషేధం. మరి రోళ్లపాడు అభయారణ్యంలో బట్టమేక పిట్ట ఎక్కడ? తుపాకీ ఆపినా నాగలి ఆగలేదుగా.

కొర్రచేను: బైరాగి గారూ, పన్ను విషయం అలా ఉంచి, గడ్డి గురించి ఒక్క ముక్కైనా చెప్పండి.

బైరాగి: చెప్తా, వినే ఓపికుంటే! విత్తిన గడ్డి ప్రెయిరీ, అంటే సహజమైన గడ్డినేల, కాదు. విత్తనం పావు అంగుళం కంటే లోతుకి పోతే చాలావరకు మొలవదు, పైగా నూగున్న విత్తనానికి మామూలు విత్తే డ్రిల్ మూసుకుపోతుంది. మొలిచాక మొదటి ఏడాది కలుపు తల కోస్తూ ఉండాలి. అన్నీ చేసినా కొన్నేళ్లకి స్మూత్ బ్రోమ్ అనే బయటి గడ్డి కమ్మేస్తుంది, అది కణుపులు వేసేటప్పుడు నిప్పు పెట్టకపోతే అంతే. ఇంత చేశాక ఒప్పందం తీరుతుంది, మళ్లీ మొక్కజొన్న. 2007లో సీఆర్‌పీ కింద 3.68 కోట్ల ఎకరాలు. 2014 వ్యవసాయ చట్టంలో (ఫార్మ్ బిల్లు) పరిమితే 2.4 కోట్లకి దించారు. అద్దె గడ్డికి చప్పట్లా? ఎన్నడూ దున్నని నేల పోతే తిరిగి రాదు, నా గొడవల్లా అదే.

కొర్రచేను: ఇది ముందే అనొచ్చుగా! అసలు దానికే సాడ్‌సేవర్: తొలిసారి దున్నిన నేలకి నాలుగేళ్లు పంట బీమా రాయితీ 50 శాతం పాయింట్లు కోత. థూన్ పట్టుబట్టింది దానికీ.

బైరాగి: ఆరు రాష్ట్రాల్లోనే. పైగా బీమాయే తీసుకోని వాడికి కోతేమిటి?

కొర్రచేను: 2018లో అందుకే మార్చారు: దున్నిన తర్వాత పదేళ్లలో బీమా తీసుకున్న ఏ నాలుగేళ్లైనా లెక్కే. దేశమంతటికీ పెట్టాలని థూన్, మిన్నెసోటా సెనేటర్ క్లోబుషార్ కలిసి బిల్లూ తెచ్చారు.

బైరాగి: బిల్లు తేవడం వేరు, ఫార్మ్ బిల్లులోకి ఎక్కించడం వేరు. కాన్సస్‌లో దున్నేవాడికి ఇవాళ ఆ కోత ఉందా? అది చెప్పండి.